తప్పెవరిదని అడగరు

“అయితే తప్పెవరిదని ఎవరూ అడగరన్నమాట,” అన్నాడు నాగేంద్రబాబు మళ్ళీ.

“అడగరు,” అంది లాయరు తనూజ. “కారు గుద్దింది, కాలు విరిగింది. ఈ రెండూ రుజువైతే చాలు. కారుకి ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి కంపెనీ రెండున్నర లక్షలు ఇస్తుంది. మీరు అడ్డమొచ్చారా, డ్రైవరు కునుకు తీశాడా, ఇవేవీ అక్కర్లేదు.”

“మంచి చట్టమే.”

“పూర్తిగా వినండి. ఇంకో దారి ఉంది. అందులో తప్పెవరిదో మనం రుజువు చెయ్యాలి. చేస్తే మీ వయసు, సంపాదన, కాలికొచ్చిన అవిటితనం అన్నీ చూస్తారు. దీనికి మూడింతలు రావచ్చు. కానీ ఆలస్యమవుతుంది. ఒకటి ఎంచుకుంటే రెండోది ఉండదు.”

“మొదటిదే రాయండి.”

పక్కన కూర్చున్న అతని భార్య మాణిక్యం మూతి తిప్పింది. “రాయండి, రాయండి. రేపట్నుంచి పడవ తోసేదీ నేనే, చేపలమ్మేదీ నేనే. ఈయనగారు గట్టు మీద కూర్చుని కాకుల్ని తోలతారు.”

“నువ్వూరుకో.”

బందరు కోర్టు వీధిలోని ఆ గదిలో తనూజ ఎక్కువ కావాలని ఏడ్చినవాళ్ళను చూసింది. తక్కువ చాలనేవాణ్ణి చూడడం ఇదే మొదటిసారి. అతని కాలికి ఇంకో ఆపరేషన్ కావాలి. అది జరిగినా మునుపటిలా పడవ తొయ్యలేడని డాక్టరు రాసిచ్చాడు.

“ఆ వేళ తాగి ఉన్నారా?”

“ఈయన తాగుంటే కారే తప్పుకునేది,” అంది మాణిక్యం.

“లైసెన్సు?”

“ఉందమ్మా.”

“కారు నడిపిన వరుణ్ మీకు తెలిసినవాడా?”

“నందివాడ కుర్రాడంట. ఆస్పత్రిలోనే చూశాను.”

“మరెవరికి భయపడుతున్నారు?”

“భయమేం లేదు. కాలికి డబ్బు కావాలి, అంతే.”

తనూజకు నమ్మకం కలగలేదు. జరిగింది ఆమెకు తెలుసు. కొత్త పంట రోజులు. కోడూరు రోడ్డు మలుపులో సగం రోడ్డు మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చారు. మిగిలిన సగంలో నాగేంద్రబాబు చేపల బుట్టతో మోపెడ్ మీద వస్తున్నాడు. ఎదురుగా కారు వచ్చింది. వరుణ్ దాన్ని ధాన్యం వైపు పోనివ్వలేదు. మోపెడ్ వైపు తిప్పాడు.

“ధాన్యం మీంచి పోనిస్తే మీకు తగిలేదే కాదు కదా?” అంది.

“రైతుబిడ్డమ్మా. తినే గింజ మీద చక్రం ఎక్కించగలడా?”

“మనిషి మీద ఎక్కించొచ్చా?”

“మనిషైతే పక్కకి దూకుతాడనుకున్నాడు.”

తనూజ కలం కింద పెట్టింది. “ఆ ధాన్యం ఎవరిది?”

మాణిక్యం నోరు తెరిచింది. నాగేంద్రబాబు చేతికర్రతో నేల మీద కొట్టాడు. ఆమె నోరు మూసుకుంది.

“రోడ్డు మీద పోసిన ధాన్యానికి పేరేముంటుందమ్మా?”

“ఉంటుంది. సాయంత్రం బస్తాలకెత్తుకెళ్ళేవాడి పేరు. అది చెప్పండి. రోడ్డు మూసేసి మనిషి కాలు తీసినవాణ్ణి నేనొదలను. కోర్టుకీడుస్తాను.”

“మొదటి దారే రాయండమ్మా,” అన్నాడు. 

ఆదివారం, ఊళ్ళో వ్యవసాయం చూసుకుంటున్న తండ్రి దగ్గరికి వెళ్తూ తనూజ ఆ మలుపులో ఆగింది. టీ కొట్టు ముందు మనుషులున్నారు. ఆమెను చూసి లేచి నిలబడ్డారు.

“ఇక్కడ ప్రమాదం జరిగినరోజు ధాన్యం పోసిందెవరు?”

కొట్టువాడు గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

“బసవపున్నయ్యగారా?” అంది. ఆ చుట్టుపక్కల పెద్ద మిల్లు ఆయనదే.

“మేం చూళ్ళేదండీ.”

“అందరూ ఒక్కసారే కళ్ళు మూసుకున్నారా? ఎవరంటే మీకింత భయం?”

“మీరంటేనే భయమమ్మాయిగారూ,” అన్నాడొక ముసలాయన. అందరూ నవ్వారు. తనూజకూ నవ్వక తప్పలేదు.

ఇంట్లో భోజనాల దగ్గర తండ్రి సీతారామయ్యతో ఆ మాటే చెప్పింది. ఆయన పెరుగు కలుపుకుంటూ విన్నాడు.

“ఊళ్ళో గొడవలు నీకెందుకమ్మా. పాపం, లేనివాడు. నేను నీ దగ్గరికి పంపింది అందుకే. ఫీజు పుచ్చుకోకుండా త్వరగా తేల్చెయ్యి.”

ఊరంతా ఎవడికో దడిసి తల తిప్పుకుంటే, నాగేంద్రబాబు గురించి ఆలోచించింది ఈయనొక్కడే అనుకుంది తనూజ. ఫీజు పుచ్చుకోలేదు. మొదటి దారే రాసింది. పోలీసు కాగితాల కోసం, డాక్టరు సర్టిఫికెట్ కోసం తనే తిరిగింది.

వానలు మొదలయ్యేసరికి డబ్బు బ్యాంకులో పడింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ సంచిలో రొయ్యలు పట్టుకుని చెప్పి వెళ్ళడానికి వచ్చారు.

“ఆపరేషన్ ఎప్పుడు?”

“వచ్చేవారం రమ్మన్నారు.”

“సంతోషం. ఇక ఈ కేసు ఎవరూ తిరగదోడలేరు. మీ డబ్బు మీదే. ఇప్పుడైనా చెప్పండి, ఆ ధాన్యం ఎవరిది?”

“చట్టమే అడగలేదు. మీకెందుకమ్మా?”

“ఆ మనిషి వచ్చే పంటకీ అక్కడే పోస్తాడు. ఇంకొకడి కాలు పోతుంది. అందుకు.”

“ముందే చెప్పుంటే నా పని ఇంత బాగా చేసిపెట్టేవారా?”

“ఇంకా గట్టిగా చేసేదాన్ని.”

మాణిక్యం పకపకా నవ్వింది. “చెప్పెయ్యి మావా. డబ్బొచ్చేసిందిగా.”

నాగేంద్రబాబు కర్ర ఊతంతో లేచాడు. గుమ్మం దాకా నడిచాడు.

“ఎంత పెద్దవాడైనా సరే, చెప్పండి,” అంది తనూజ.

అతను వెనక్కి తిరిగి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు.

“మీ నాన్నగారిది.”