బియ్యం కడిగిన నీళ్లు

కరివేపాకు మొక్క ఉన్న తొట్టిలో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీరజ నీళ్లలో వేలు ముంచి నాలుకకి ఆనించింది. ఉప్పదనం బాగా తగ్గింది.

"అత్తయ్యా, ఇందులో ఏం పోశారు?"

సీతారత్నం చేతిలో గిన్నె ఇంకా తడిగానే ఉంది. "బియ్యం కడిగిన నీళ్లు. వారం నుంచీ పోస్తున్నా. కరివేపాకు మొక్కకి మా అమ్మ అవే పోసేది."

కాకినాడ ఇళ్లలో ఇప్పుడు మొక్కలన్నీ సముద్రపు నీటి తొట్లలోనే పెరుగుతాయి. మంచినీళ్లు మనుషులకే చాలవు. ఆ కరివేపాకు వేస్తే చారులో వేరే ఉప్పు అక్కర్లేదు.

నీరజ చేపల్ని ఉప్పునీళ్ల బకెట్‌లోకి మార్చింది. "ఉప్పునీళ్లకి అలవాటుపడ్డ మొక్క, ఇక బతకదు. రేపు పీకేద్దాం. ఆ కొత్త చిగుళ్లు కోసెయ్యండి, చారులోకైనా పనికొస్తాయి."

సీతారత్నం చిగుళ్లు కోసి పొయ్యి మీద మూకుడు పెట్టింది. ఆకు నూనెలో పడగానే వాసన హాల్లోకి వచ్చింది. నీరజ చేతులు తుడుచుకోకుండానే వంటింట్లోకి వెళ్లింది. చిన్నప్పుడు రాజోలులో అమ్మమ్మ పోపు పెడితే ఇదే వాసన.

చారు రుచి చూసి, "ఉప్పు లేదు," అంది.

ఆ ఇంట్లో ఉప్పు కొని ఏళ్లయింది. సీతారత్నం దిష్టి తీయడానికి దాచిన కల్లుప్పు డబ్బా తెచ్చి నాలుగు రాళ్లు వేసింది. "ఈ వారం మీ ఆయనకి దిష్టి తగిలినా ఊరుకోవాలి."

నీరజ రెండోసారి చారు పోసుకుంది. తిన్నాక తొట్టిలో మిగిలిన ఉప్పునీళ్లు తోడి పారబోయడం మొదలుపెట్టింది.

"రేపటి బియ్యం నీళ్లు కూడా దీనికే పోయండి, అత్తయ్యా."