ఏ ఊరి కొండ?

"మన గుట్టలు గీసి బొమ్మంటావా? ఛీ! కొండంటే చైనా కొండే!" నాగసాకి రేవులో అందరిముందూ భార్య కయో గీసిన బొమ్మని ఈసడించాడు చిత్రకారుడు తోఆన్.

నలభై ఏళ్లుగా చైనా చిత్రాలు చూసి దిద్దుకున్న తన కొండ బొమ్మని చైనా వర్తకుడు లిన్ ముందు గర్వంగా పరిచాడు.

లిన్ చాలాసేపు చూశాడు. "ఎంత బాగుందండీ! మీ జపాన్‌లో ఇది ఏ ఊరు?"

తోఆన్ మొహం మాడిపోయింది. "కళ్లు కనబడవా? చైనా అది!"

"నేను పుట్టింది అక్కడేనండీ. మా వైపు పైన్ చెట్లు ఇలా ఒరగవు."

"మేముండే తంబా సీమండీ," అంది కయో తాపీగా.

తిట్టబోయి బొమ్మకేసి చూశాడు తోఆన్. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురయ్యే చెట్లే అవి.

"తంబాయే," అన్నాడు, అతికష్టం మీద.