నెత్తురంటని బంపరు

"ఇదీ సరిపోదు," అంటూ జర్‌గుల్ ఆ బంపరును కాలితో పక్కకు నెట్టాడు.

పొద్దుటినుంచి అది ఏడోది.

మాన్‌సెహ్రా పాత ఇనుము బజారులో ఇంజన్లున్నాయి, తలుపులున్నాయి, చక్రాలున్నాయి. యాభై ఏళ్లనాటి బెడ్‌ఫోర్డ్ లారీకి ముందు బంపరు మాత్రం లేదు.

అతని ఆకుపచ్చ లారీ మేస్త్రీ హక్‌నవాజ్ షెడ్డు ముందు మూతి పగిలి నిలబడి ఉంది. తండ్రి కొన్న బండి. జర్‌గుల్ ఇల్లూ, అతని బావమరిది నియామత్ ఇల్లూ దాని మీదే గడుస్తున్నాయి.

గురువారంలోగా బంపరు పెట్టించకపోతే సరుకు ఎత్తే వరుసలోంచి ఆ బండి పేరు కొట్టేస్తానన్నాడు లారీల అడ్డాలో లెక్కలు రాసే మున్షీ. ఒకసారి కొట్టేసిన పేరు మళ్లీ ఎక్కదు.

ఇవాళ బుధవారం.

"కొత్త రకంది కోసి అతికించరాదూ?" అన్నాడు జర్‌గుల్, చివరికి.

"అతికిస్తా ఖాన్. చెక్‌పోస్టు జవాను ఒక్క తాపు తంతే ఊడి వాడి కాలిమీదే పడుతుంది. జైలుకి నువ్వెళ్తావా, నేనా?" అంటూ హక్‌నవాజ్ పాత బోల్టులు విప్పడానికి లారీ కిందికి దూరాడు.

"అంతా ఆ గుడ్డి వెధవ వల్ల!" జర్‌గుల్ పళ్లు కొరికాడు. "బట్‌గ్రామ్ దిగుడులో ముందు పోతూ పోతూ ఠక్కున ఆపేశాడట. నియామత్ తోలుతున్నాడు, నేను వెనక పడుకుని ఉన్నాను. తల దిమ్ము వదిలి కిందికి దిగేసరికి వాడు బండితో సహా మాయం. దొరికితే చేతులు విరిచేస్తాను."

నియామత్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"నా దగ్గర ఒకటుంది."

ఇద్దరూ తల తిప్పారు. ఉన్ని టోపీ, మాసిన శాలువా, ఒక ముసలాయన. మెడ తిప్పలేక ఒళ్లంతా ఇటు తిప్పి చూస్తున్నాడు.

నియామత్ చేతిలో గ్లాసు ఒలికింది.

"బెడ్‌ఫోర్డ్‌దేనా చాచా?" అన్నాడు జర్‌గుల్.

"దీని తోడబుట్టినదే."

వెనక షెడ్డులోంచి ఇద్దరు కూలీల చేత మోయించుకొచ్చాడు. జర్‌గుల్ టేపు పెట్టి చూశాడు. సరిపోయింది. నమ్మలేక మళ్లీ కొలిచాడు.

"ఎంత?"

"ఏమీ వద్దు. బిగించుకో."

జర్‌గుల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మనిషిని చంపిన బండి సామాను ఆ దారిలో ఎవరూ తమ బండికి తగిలించరు. అలాంటిది వదిలించుకోవాలనుకున్నవాడే ఊరికే ఇస్తాడు.

"ఎవర్ని చంపింది ఇది?"

"ఎవర్నీ చంపలేదు బేటా."

"మరి ఊరికే ఎందుకిస్తున్నావ్? దొంగసొత్తా?"

"వదిలెయ్ బావా..." అన్నాడు నియామత్.

"నువ్వు మాట్లాడకు! కళ్లు తెరుచుకుని తోలుంటే నాకీ తిరుగుడు ఉండేదా? ముందు వెళ్లేవాడు గుడ్డివాడైతే వెనక వెళ్లేవాడు ఇంకో గుడ్డివాడు!"

ముసలాయన నియామత్ వైపు చూశాడు. నియామత్ తల దించుకున్నాడు.

"అతన్నేమీ అనకు," అన్నాడు ముసలాయన. "దిగుడు ఎవరి మాటా వినదు. మీ ఇద్దరికీ దెబ్బలేం తగల్లేదుగా?"

"మా దెబ్బలతో నీకేం పని? ముందు ఒట్టెయ్."

ముసలాయన బంపరు మీద అరచెయ్యి ఆన్చాడు.

"అల్లా సాక్షి. దీనికి నెత్తురంటలేదు."

జర్‌గుల్ జేబులోంచి నోట్లు తీసి ఆయన కాళ్ల దగ్గర పడేశాడు. "తీసుకుని నడు. ఇంకా ఇక్కడే నిలబడితే నాకు మళ్లీ అనుమానం వస్తుంది."

ముసలాయన కష్టంగా వంగి నోట్లు ఏరాడు. మట్టి దులిపి, నియామత్ పక్కన పెట్టిన టీ గ్లాసు కింద వాటిని ఉంచాడు. పోతూ పోతూ నియామత్ భుజం తట్టి, మూట సర్దుకుని, రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

పావుగంట తర్వాత హక్‌నవాజ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఖాన్, ఎందుకో అనుమానమొచ్చి ముందు చక్రం విప్పాను. బ్రేకు పట్టీలు బొగ్గయిపోయాయి. దిగుడులో న్యూట్రల్లో వదిలారు, డీజిలు మిగులుతుందని. ముందువాడు బ్రేకు కొట్టడం కాదు, మీకే బ్రేకు పడలేదు."

జర్‌గుల్ బావమరిది వైపు తిరిగాడు.

నియామత్ గ్లాసు కింది నోట్లు చేతిలోకి తీసుకున్నాడు.

"గేరు తీసేశాను బావా. సగం దిగాక బ్రేకు పట్టలేదు. హారను నొక్కి పట్టుకున్నాను. ఎడమపక్క లోయ. ముందు లారీ ఆయన అద్దంలో చూశాడు. పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. మన దారికే అడ్డం వచ్చి, మన బరువంతా తన బండి వీపుమీద వేసుకుని బ్రేకు తొక్కాడు. అంచుకి మూరెడు దూరంలో ఆగాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇక స్టీరింగు ముట్టుకోనివ్వవని."

"ఆయనేడి?"

నియామత్ బంపరు వచ్చిన వెనక షెడ్డు వైపు చెయ్యెత్తాడు.

జర్‌గుల్ పరుగెత్తాడు.

అక్కడ గ్యాసు మంటతో ఇద్దరు కూలీలు ఒక లారీని కోస్తున్నారు. దాని వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయింది. తలుపు నిండా ఆకుపచ్చ రంగు గీతలు.

"దీని ఓనరేడి?"

"చట్రం వంగింది, ఇక నడవదని తూకానికిచ్చేశాడు," అన్నాడు కూలీ, మంట ఆపకుండానే. "ఇందాకే గిల్గిత్ బస్సెక్కాడు."

జర్‌గుల్ లారీ చుట్టూ తిరిగి ముందుకు వచ్చాడు. బంపరు ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు తప్ప ఏమీ లేదు.