సీలు విప్పని బిళ్ళ

“లక్ష రూపాయలు. గిప్పుడే, చేతుల పెడ్త,” అన్నాడు శంకర్రావు చేతిసంచిని ఒళ్ళోకి లాక్కుంటూ.

టీ కప్పులతో వంటింటి గడప దాటబోయిన యమునాబాయి అక్కడే ఆగిపోయింది. ధర్మాబాద్‌లో గింజల వ్యాపారం చేసే ఈ మనిషి పొద్దున్నే రైలెక్కి నాందేడ్ వచ్చింది తమ టీపాయ్ మీదున్న నల్ల డబ్బీ కోసం. అందులో సర్కారు టంకసాల వాళ్ళ వెండి బిళ్ళ. డబ్బీ మూతకి అడ్డంగా అతికించిన సీలు కాగితం.

“నీకు తెల్వనిదా, రాంకిషన్ సేఠ్? కొట్టిందే కొన్ని బిళ్ళలు. అండ్ల సగం మనోళ్ళు లక్ష్మీపూజల పెట్టిండ్రు, చింతపండేసి తోమిండ్రు. సీలు పల్గిందంటే అది ఉత్త నాలుగు తులాల ఎండి. పల్గనిది జిల్లా మొత్తంల నీ తాన ఒక్కటే ఉన్నది.”

“అందుకే అమ్మేది లేదు,” అన్నాడు రామకిషన్ మీసం దువ్వుతూ.

“లక్షా పది.”

“లేదన్న గద.”

యమునాబాయి మొగుణ్ణి వింతగా చూసింది. స్టీలు సామాన్ల దుకాణంలో చెంచా బేరానికి అరగంట నోరు పారేసుకునే మనిషి! లక్షా పదిని ఈగను తోలినట్టు తోలేస్తున్నాడు. ఆ బిళ్ళ అంటే అంత ప్రాణమన్నమాట. మరి నిజం తెలిస్తే?

ఎందుకంటే డబ్బీలో బిళ్ళ లేదు. వెండి కాగితం చుట్టిన క్యారమ్ స్ట్రైకర్ ఉంది.

రెండేళ్ళ కిందట పెట్టింది యమునాబాయే. నాలుగు తులాల వెండి బీరువాలో మగ్గుతుంటే తన కాళ్ళకి అరిగిపోయిన మెట్టెలా అనిపించింది. ఉడుకుతున్న అన్నం గిన్నె ఆవిరి మీద డబ్బీని పట్టిందో లేదో, సీలు అరటి తొక్కలా ఊడొచ్చింది. తన చేతి నేర్పుకి తనే మురిసిపోయింది. తీరా బిళ్ళ పట్టుకెళితే, అవుసలి సంగన్న దాన్ని గీకి చూసి, “ఇండ్ల ఖోట్ ఉన్నదక్కా,” అని నసిగాడు. సర్కారు బిళ్ళలో కల్తీయా? చేతిలో పడగానే మార్చేశాడని గల్లీ అంతా పోగుచేసి దులిపింది. పరువుకి జడిసి సంగన్న నాలుగు తులాలకీ నోరు మూసుకుని మెట్టెలు చేసిచ్చాడు. ఎంత బరువంటే, యమునాబాయి నడిస్తే పక్కింటికి తెలుస్తుంది.

“లక్షా ఇరవై,” అంటూ శంకర్రావు సంచిలోంచి అరచేతంత తూకం మిషన్ తీసి బల్ల మీద పెట్టాడు. “కని ఒక్కసారి తూకం ఏసి సూస్త. డబ్బీ, బిళ్ళ కలిపి ఎంత రావాల్నో రాసుకొచ్చిన. సీలు పల్గొట్టే పనే లేదు.”

యమునాబాయి కప్పులతో గడప దాటి ముందుకొచ్చింది.

రామకిషన్ డబ్బీ మీద చటుక్కున అరచెయ్యి వేశాడు. “అంటే? నా మీద ఏతబారం లేదా?”

“ఏతబారం ఉన్నది, సేఠ్. తూకం మిషన్ కూడ ఉన్నది.”

“గిది నా ఇజ్జత్ మాట, శంకర్రావ్!”

“ఒక్క నిమిషం పని. చెయ్యి తియ్యి, సేఠ్!”

ఒకరు లాగుతుంటే ఒకరు నొక్కిపట్టారు. చివరికి డబ్బీ శంకర్రావు చేతికి వచ్చింది. అతను దాన్ని మిషన్ మీదికి దించబోతున్నాడు. యమునాబాయి ఇంక ఆలోచించలేదు. చాప అంచుకి కాలు తన్నుకుంది. రెండు కప్పుల టీ మిషన్ మీద పడింది. అది మూడు ఎనిమిదులు చూపించి, కుయ్యిమని ఆరిపోయింది.

“వహినీ! నిన్ననే కొన్న!” శంకర్రావు మిషన్‌ని పసిపిల్లలా తలకిందులు చేసి దులిపాడు.

“అయ్యో దేవా! కాలు తట్టింది, అన్నా. మళ్ళ పెట్టుకొస్త టీ.”

“వద్దు తల్లీ, ఇంకో కప్పుకి నేను మునుగుత.” రైలు వేళవుతోందని లేచాడు శంకర్రావు. చెప్పులు వేసుకుంటూ డబ్బీ వైపు ఆశగా చూశాడు. “అమ్మనోని తాననే అసలు సరుకు ఉంటదంటరు. దివాళికి లక్షన్నరతోని అస్త, సేఠ్.”

అతను గల్లీ మలుపు తిరిగేదాకా రామకిషన్ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు. తర్వాత తలుపు గొళ్ళెం పెట్టి సోఫాలో కూలబడ్డాడు. గ్లాసు జారితే గంట సాధించే మనిషి, టీ మడుగు వైపు చూసి కిసుక్కున నవ్వాడు.

“బతికిచ్చినవ్, యమునా! తూకం పడితే ఇజ్జత్ మొత్తం పోతుండె.”

“ఎందుకు?” అంది యమునాబాయి.

“బిళ్ళ ఏడున్నదే! నీ తమ్ముని పెండ్లికి పైఠణి చీర కావాల్నని మూడు దినాలు అన్నం తినకపోతివి గద, అప్పుడే అమ్మిన. నాలుగేండ్లాయె. డబ్బీని అన్నం ఆవిరికి పట్టి సీలు ఊడదీసిన. జాతరల దొరికిన గిల్టు బిళ్ళ పెట్టి మళ్ళ అంటువెట్టిన. ఇప్పటిదాక ఎవ్వనికి తెల్వది!”

యమునాబాయి డబ్బీని చూసి, తన కాళ్ళకేసి చూసింది. మెల్లగా నేల మీద కూర్చుని, కుడికాలు ముందుకి చాపి, మెట్టెను పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

రామకిషన్ అదిరిపడి లేచాడు. “అరే, ఏంది! నేను బతికుండంగనే మెట్టెలు తీస్తున్నవేందే?”

“మీరు నిండ నూరేండ్లు బతుకుండ్రి,” అంది యమునాబాయి తలెత్తకుండా. “గివి సంగన్నయి.”