చేపలకి ఐసు

గిన్నెలో ఐసు ముక్కలు వేస్తూ స్వరాజ్యం ఎందుకని అడగలేదు. చక్రపాణికి గుబులు పుట్టింది అందుకే.

మొదటి రోజు అడిగింది. "చేపలకండీ పిన్నిగారూ" అన్నాడు. రెండో రోజు, "మళ్ళీ చేపలకేనా?" అంది. ఇవాళ ఏమీ అనకుండా, అతని మొహం దగ్గరికి మొహం పెట్టి వాసన చూసింది.

నిజానికి ఆ ఐసు చేపలకే.

చక్రపాణి ఎర్రమంజిల్‌లో గుమాస్తా. అమీర్‌పేటలో స్వరాజ్యం వాళ్ళ మేడ కింద వాటాలో, భార్య కుసుమకుమారితో అద్దెకుంటున్నాడు. అతనికున్న వ్యసనమల్లా ముందుగదిలో గాజుతొట్టె. అందులో మూడు కోరిడోరాస్ చేపలు. బొటనవేలంత ఉంటాయి. మూతికి మీసాలు. పొద్దస్తమానం అడుగునున్న ఇసకలో ఏదో పారేసుకున్నట్టు వెతుకుతూ తిరుగుతాయి. వాటిచేత గుడ్లు పెట్టించడం తేలిక కాదని ఎవరో అన్నారు. అంతే, పెట్టించి తీరాలని పట్టుదల పట్టాడు.

కిటుకు చెప్పింది పంజగుట్టలో చేపలమ్మే వజీర్.

"జర చల్లటి నీళ్ళు వొయ్యాలె సార్. వాన వడ్డదనుకుంటయ్. గప్పుడే గుడ్లు వెడ్తయ్."

మే నెల హైదరాబాదులో చల్లటి నీళ్ళెక్కడివి? డాబా మీది ట్యాంకు నీళ్ళతో టీ కాచుకోవచ్చు. కుండనీళ్ళు పోసి చూశాడు. చేపలు అది వానంటే నమ్మలేదు. ఆ వీధి మొత్తానికి ఫ్రిజ్జున్నది స్వరాజ్యానికే. ఆ ఫ్రిజ్జుకి తాళం. తాళంచెవి ఆవిడ కొంగున.

ఆవిడకి తాగుడంటే ఒళ్ళుమంట. వాటా ఇచ్చేటప్పుడే చెప్పింది, చుక్క వాసన వస్తే ఆ రోజే ఇల్లు ఖాళీ అని. చీకటిపడే వేళ తలుపులు వేసుకుని, గిన్నెడు ఐసు ముందు పెట్టుకుని మగవాడు ఏం చేస్తాడో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. పైగా కిటికీలోంచి అతని గొంతు బతిమాలుతున్నట్టు వినిపిస్తోంది, "ఇవాళైనా కరుణించండి" అని.

ఓ సాయంత్రం ఆవిడే కిందికి దిగొచ్చింది. వెనకాలే భర్త హనుమత్ప్రసాద్. రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. భార్య మాటకి ఎదురుచెప్పి ఎరగడు.

చక్రపాణి బకెట్లో ఐసు కరిగించి, ఆ నీళ్ళు చెంబుతో తొట్టెలో పోసి చూపించాడు. స్వరాజ్యం వంగి చూసింది.

"అన్నిటికీ మీసాలే. ఇందులో గుడ్లు పెట్టేదెవరు?"

"ఆ బొద్దుగా ఉన్నది ఆడదండీ. బక్కవి రెండూ మగవి."

"చెప్పావులే. ఒకటో తారీఖు లోపల గుడ్లు చూపించు. లేదంటే సామాన్లు సర్దుకో. అందాకా ఫ్రిజ్జుకి తాళం వెయ్యను, ఐసు కాదనను."

ఆవిడ వెళ్ళగానే కుసుమకుమారి తల పట్టుకుని కూలబడింది.

"ఇదెక్కడి ఖర్మండీ. చేపకి కడుపు పండితేగానీ మనకి ఇల్లు లేదన్నమాట."

హనుమత్ప్రసాద్ మాత్రం జాలిపడ్డాడు. మర్నాటినుంచి ఐసు ఆయనే తెచ్చిపెట్టసాగాడు.

"నువ్వు పైకొస్తే ఆవిడ ఏదో ఒకటి అంటుంది. నేను తెస్తాలే. నాకూ కాలక్షేపం."

గిన్నెలో ఐసు సగానికే ఉండేది. ఈ ఉక్కకి మెట్లు దిగేలోపే కరిగిపోతోందని ఆయనే నొచ్చుకునేవాడు. కాసేపు తొట్టె ముందు కూచుని, "పెట్టాయా?" అని అడిగేవాడు. లేదంటే, "తొందరపెట్టకయ్యా, అవీ ప్రాణులే కదా" అని ఓదార్చేవాడు. తర్వాత గాలికని డాబా మీదికి వెళ్ళిపోయేవాడు. చక్రపాణికి ఆయన మీద భక్తి కుదిరింది. కన్నతండ్రి కూడా అతన్ని ఇంత ఓర్పుగా ఓదార్చలేదు.

నెలాఖరు దగ్గరపడింది. చేపలు తింటున్నాయి, తిరుగుతున్నాయి, మీసాలు ఆడిస్తున్నాయి. గుడ్ల ఊసు లేదు. రోజూ రెండు ట్రేల ఐసు మింగి ఒక్క గుడ్డయినా పెట్టవేమని స్వరాజ్యం పైనుంచే నిలదీస్తోంది. చక్రపాణికి అన్నం సయించడం లేదు. ఆఫీసులో సంతకం పెట్టాల్సిన చోట చేపబొమ్మ గీసి తిట్లు తిన్నాడు. సాయంత్రాలు టులెట్ బోర్డులు చూసుకుంటూ పంజగుట్ట దాకా నడిచాడు. అతని జీతానికి అందే ఇల్లు ఒక్కటీ కనిపించలేదు.

ముప్పయ్యొకటో తారీఖు పొద్దున్నే కుసుమకుమారి అతన్ని కుదిపి లేపింది.

"లేవండి, తొట్టె చూడండి."

గాజు గోడకి సగ్గుబియ్యం గింజలు అంటించినట్టు గుడ్లు. ఒకటా రెండా, బోలెడు. బొద్దుచేప ఇంకా అంటిస్తూనే ఉంది. చూస్తూ ఊరుకుంటే వాటి గుడ్లు అవే తినేస్తాయని వజీర్ ముందే హెచ్చరించాడు. చక్రపాణి మూడు చేపల్నీ పట్టి బకెట్లో వేశాడు. అతని కళ్ళనిండా నీళ్ళు.

"ఇల్లు నిలబడింది కుసుమా" అన్నాడు.

తడి చేతులు తుడుచుకోకుండానే మెట్లెక్కాడు. సగం దాకా వెళ్ళేసరికి హనుమత్ప్రసాద్ ఎదురయ్యాడు.

"బాబాయిగారూ, పెట్టేశాయి. రండి, పిన్నిగారికి చూపిద్దాం."

ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. ఒకసారి పైకి చూశాడు. చక్రపాణి చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి లాక్కుపోయి, గొంతు బాగా తగ్గించాడు.

"ఆవిడ కాళ్ళు పట్టుకునైనా నీకు ఇంకో నెల గడువిప్పిస్తాను, ముందెళ్ళి ఆ గుడ్లు తుడిచెయ్యి నాయనా, ఆవిడ మళ్ళీ ఫ్రిజ్జుకి తాళం బిగించిందంటే రేపట్నుంచి డాబా మీద నా పెగ్గులోకి ఐసెక్కణ్ణుంచి తెచ్చుకోను?"