రెండో రిజిస్టరు

హ్యాండ్‌బ్యాగు పోయిన పావుగంటకే ఆవిడ బస్‌స్టేషన్‌లోని పోయిన వస్తువుల గదికి పరుగున వచ్చింది. వెనకాలే నీళ్లసీసా పట్టుకుని పదహారేళ్ల అమ్మాయి.

"అదిగో, మీ బల్ల మీదున్న నల్లబ్యాగు నాదే! ఇచ్చెయ్యండి, బస్సు కదులుతోంది!"

గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. స్టేషనంతా ఆయన్ని రూలుకర్ర అంటారు. లోపలున్నవన్నీ చెప్పందే సొంత అన్నకైనా సంచి తిరిగివ్వని మనిషి.

"ఏమేం ఉన్నాయో చెప్పండమ్మా. రాసుకుంటాను."

"దువ్వెన, తలనొప్పి మాత్రలు, ఛార్జరు. మా అక్క కూతురి గుర్తింపు కార్డు. ఇదిగో, ఈ పిల్లదే. షోరూములో ఉద్యోగం వేయిస్తున్నా."

"మీ అక్కగారి పేరు?"

ఆవిడ తడబడింది. "ఇదేమన్నా జనాభా లెక్కలా?"

"సరే, వదిలేయండి. ఇంకో నాలుగున్నాయి. అవేంటో చెబితే బ్యాగు మీదే."

ఆవిడ మొహం పాలిపోయింది. గుమాస్తా బయటికి కేకేశాడు.

"చెల్లెమ్మా, రెండో రిజిస్టరు పట్టుకురా!"

వరండా ఊడుస్తున్న ఆమె ఆగిపోయింది. పాతికేళ్లుగా ఆ గది తుడుస్తోంది. అందులో ఉన్నది ఒక్కటే రిజిస్టరు. చీపురు పడేసి పరుగెత్తింది.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు.

"బ్యాగు పోతే పోయింది, పదవే!" ఆవిడ అమ్మాయి చెయ్యి పట్టి లాగింది.

అమ్మాయి రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. "నా కార్డు లేకుండా రాను పిన్నీ."

మళ్లీ హారన్. మణికట్టు ఎర్రబడుతోంది. అమ్మాయి వదల్లేదు. డ్యూటీ వేళ కుర్చీ వదలని గుమాస్తా లేచి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో!"

"సంతకం పెట్టకుండా వెళ్లకూడదమ్మా. రూలు."

అప్పుడొచ్చింది ఊడ్చే ఆమె, రొప్పుతూ, వెనక ఇద్దరు మహిళా పోలీసులతో.

"తెచ్చానన్నా, రెండో రిజిస్టరు!"

పోలీసులు బ్యాగు తెరిచారు. ఐదు గుర్తింపు కార్డులు. ఐదుగురు ఆడపిల్లలు. ఒక్కరికీ పద్దెనిమిది నిండలేదు.

"ఎవరిచ్చారు మీకీ బ్యాగు?" ఆవిడ అరిచింది.

"తెచ్చిచ్చినవాళ్ల పేరు చెప్పకూడదు."

ఆవిణ్ణి తీసుకెళ్లాక పోలీసామె అదే ప్రశ్న అడిగింది. గుమాస్తా ఒక చీటీ ముందుకు జరిపాడు. అందులో ఇలా రాసి ఉంది:

"నీళ్లు పట్టుకొస్తానని చెప్పి వచ్చాను. కార్డులు ఇప్పుడే చూశాను. మళ్లీ ఆవిడతోనే వస్తాను. నేనిచ్చానని చెప్పకండి. లోపల ఏమున్నాయో మాత్రం అడగండి."

అమ్మాయి బల్ల అంచు వదిలింది. రిజిస్టరులో సంతకం పెట్టి తన కార్డు తీసుకుంది.

మిగతా నాలుగు కార్డుల ఎదుట సంతకాలు ఇంకా పడలేదు.