యాభై రెండు రోజుల ఆలస్యం

"యాబై రెండు రోజులు దాటిపోయిందట! నాకొక్క ముక్క సెప్పాలనిపించలేదేటే?"

భార్య ఫోను పట్టుకుని నాగబాబు ముసిముసిగా నవ్వుతున్నాడు. నెలసరి తేదీలు చూసే యాప్ దానంతటదే తెర మీద కబురు పెట్టింది. మిగతాది చూద్దామంటే తాళం నంబరు అడుగుతోంది.

అనూరాధ గబుక్కున ఫోను లాక్కుంది. "అది నువ్వు సూడకూడదు బావ."

వేట నిషేధం రోజులవి. కళింగపట్నం పడవలన్నీ ఇసుకలో ఉంటే మగాళ్లకు ఊసులు తప్ప పనేముంటుంది? పెళ్లయిన నాలుగేళ్లకు తండ్రినవుతున్నానని, వలలు బాగుచేసుకునే చోట అతను అప్పటికే అందరికీ చెప్పేసి వచ్చాడు.

"నాను కడుపుతో లేను బావ."

నవ్వు ఆగిపోయింది. "మరి ఆ రోజులేటి? నాకు తెలీకుండా తీయించేసుకున్నావేటి?"

"అలాటిదేటీ లేదు."

"అయితే తెరిసి సూపించు."

"అడక్కుండా సూపించకూడదు."

"అడుగుతన్నాను కదేటి!"

"నన్నడిగితే సరిపోదు."

"మరెవుల్నడగాల? ఆ కంపెనీవోడినా? మొగుడికి లేని అధికారం ఆడికున్నాదేటి?"

వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్న అతని తల్లి దానమ్మ చెయ్యి ఆగింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, చదువు రాదు గానీ గంప దించి కేకేస్తే రెండు వీధులు వినాల్సిందే. అలాంటిది మొహం అటు తిప్పుకుంది.

"సూపించకపోతే గరివిడి మీ పుట్టింటికెల్లిపో. నిన్నెలా నమ్మాల?"

ఎంత గట్టి పిల్లో చూడండి! కళ్లనిండా నీళ్లే. ఆ నంబరు నొక్కితే గొడవ అక్కడే తీరిపోయేది. నొక్కలేదు. సంచీలో రెండు చీరలు కుక్కుకుని పుట్టింటికి బయల్దేరింది.

దానమ్మ గడపకు అడ్డం వచ్చి నిలబడింది. "అనూ, సంచీ దించు."

"నువ్వు తప్పుకోయే అమ్మా. ఇది మొగుడూ పెళ్లాల గొడవ."

"కాదురా."

"ఒద్దత్తా," అంది అనూరాధ మెల్లిగా. "నాను ఎల్తాను. నువ్వేటీ సెప్పొద్దు."

దానమ్మ కోడలి చేతిలోంచి సంచీ లాగేసుకుంది. కొడుకు మొహంలోకి చూడలేక నేల చూపులు చూస్తూ అంది.

"సదువు రానిదాన్నని అనూ సేత రాయించుకుంటన్నాను. ఆ తేదీలు నావిరా."